బీజాంకురన్యాయానికి ఒక జలదృష్టాంతం

సంసారం అనాది అనడానికి బీజాంకురన్యాయం చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. శంకరభగవత్పాదులు సూత్రభాష్యం ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో కర్మకూ సృష్టికీ ఈ న్యాయాన్నే చూపారు. గౌడపాదులు మాండూక్యకారికల నాలుగవ ప్రకరణంలో ఆ దృష్టాంతమే సాధ్యసమమని, అనగా అదీ నిరూపింపవలసినదేనని, ఆక్షేపించారు. ఈ వివాదానికి ద్రవగతిశాస్త్రం మంచి ఉదాహరణ నొకదానిని ఇస్తున్నది.

తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే గోదావరి కాలువ చూడడానికి ప్రశాంతం; లోపల సంక్షుబ్ధం. సన్నని ఒండ్రు అడుగుకు దిగక నీటిలో తేలియాడేది ఆ క్షోభవల్లనే. ఘర్షణ నిరంతరం శక్తిని హరిస్తుంటే సుడులు ఏల నశించవు? 1967లో స్టాన్‌ఫర్డ్‌లో క్లైన్ బృందం నీటిలో హైడ్రోజన్ బుడగలు వదలి, గోడ చెంత మందగతి చారలూ శీఘ్రగతి చారలూ పక్కపక్కనే సాగుతాయని చూపింది. 1995లో హామిల్టన్, కిమ్, వాలెఫ్ కంప్యూటర్ గణనలతో ఆ చక్రాన్ని విప్పారు. ప్రవాహదిశలో పరుండిన బలహీనమైన సుడులు గోడ దగ్గరి మందజలాన్ని ఎత్తి చారలను కల్పిస్తాయి. చారలు బలిసి, అస్థిరమై, మెలికలు తిరిగి భగ్నమవుతాయి. ఆ భంగమే మరల సుడులను పుట్టిస్తుంది.

ఇందులో అన్యోన్యాశ్రయదోషం లేదు. ఈ చారను కన్న సుడి వేరు, ఈ చార కనే సుడి వేరు. ఇంతవరకు బీజాంకురవాదికే జయం.

అయితే దీనినే అనాదిత్వానికి ప్రమాణంగా చెప్పేవారితో నేను ఏకీభవించలేను. ఈ చక్రం స్వయంపోషకమైనా స్వయంసిద్ధం కాదు. దాని ఆహారం ప్రధానప్రవాహంలో గోడ నుండి పైకి పెరిగే వేగభేదం. లాకు మూసి నీటిని నిలిపితే సుడులన్నీ అణగిపోతాయి. తమ్మిలేరు, బుడమేరు మోసుకువచ్చిన ఒండ్రు కొల్లేట వేగం మందగించగానే అడుగున పేరుకొనేది అందుకే. (సరస్సు మెరక వేయడంలో ఆక్రమణల పాలు వేరే చెప్పుకోవలసిన కథ.) పైగా క్షోభకు ఆరంభమూ ఉంది. 1883లో రెనాల్డ్స్ గాజుగొట్టంలో వదలిన రంగుదారం, వేగం పెంచగా ఒకచోట చెదరి నీటిలో కలిసిపోయింది. ప్రవేశద్వారంలో అలజడి తగ్గించిన కొద్దీ ఆ ఆరంభం ఆలస్యమైంది.

చక్రంలో ఏది మొదటిదో చెప్పలేకపోవడం ఒకటి, చక్రానికే మొదలు లేదనడం మరొకటి. సుడులు మొదటిదానినే నిరూపిస్తాయి. కనుక గౌడపాదుల ఆక్షేపం కాలువగట్టున మరింత బలపడుతుంది. శంకరులు సైతం ఆ సూత్రం వద్ద యుక్తితో ఆగక శ్రుతిస్మృతులను ఉదాహరించారు; యుక్తి దగ్గరే ఆగిపోయినవారము మనము.