విడిచిన ఆటకు తిరిగి వచ్చువారిని గూర్చి

పిల్లవాడు పదవ తరగతిలో చేరగానే మన ఇండ్లలో చదరంగపు పెట్టె అటక ఎక్కుట వాడుక. పరీక్ష ముగియువరకే యందురు. పరీక్ష తరువాత ఇంటర్మీడియేటు వచ్చును. దాని వెంట ప్రవేశ పరీక్షలు, ఉద్యోగము, వివాహము, బిడ్డలు. పదేండ్లో పదునైదేండ్లో గడచిన పిమ్మట ఎవరైన ఆ పెట్టెను క్రిందికి దింపిన, "ఇక నీకెందుకు, అది అయిపోయినది" అను మాట వినవచ్చును. పెట్టె అటక ఎక్కుటను నేను తప్పుపట్టను. మిరపచేను మీద అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రి, పరీక్ష ముందు ఆట మానుమనిన, అతని భయము న్యాయమైనదే. నా తగవెల్ల ఆ "అయిపోయినది" అను మాటతోనే.

లోతైన ఆటను విడిచినవానియొద్దనుండి ఏమి పోవును? ముందుగా పోవునవి కంఠస్థము చేసిన ఆరంభపు ఎత్తులు. పిమ్మట వేగము తగ్గును. గడియారము ప్రక్కన పెట్టి ఆడించిన చేయి తడబడును. పోనిది వేరొకటి కలదు. హాలెండు దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు ఆద్రియాన్ డి గ్రూట్ 1946లో ప్రకటించిన పరిశోధనయు, అమెరికాలో చేసు, సైమను అను ఇరువురు 1973లో ప్రకటించిన పరీక్షలును దీనిని చక్కగా చూపినవి. నిజముగా ఆడిన ఆటలోని యొక స్థితిని కొన్ని క్షణములు మాత్రము చూపి పావులను తీసివేసిన, ఆరితేరినవాడు వానిలో చాల భాగమును తిరిగి సరియైన చోట్ల పెట్టగలడు. క్రొత్తవాడు కొద్దిపాటి పావులను మించి పెట్టలేడు. అవే పావులను అర్థము లేకుండ చెదరగొట్టి చూపిన, ఆరితేరినవాని ఆధిక్యము ఇంచుమించు మాయమగును. అనగా వానిది అద్భుతమైన జ్ఞాపకశక్తి కాదు. అక్షరములను కూడబలుకుకొనక మాటను మాటగా చదువువాని వలె, వాడు పావుల కూర్పును కూర్పుగా చూచును. చదువ నేర్చినవాడు పదేండ్లు పుస్తకము ముట్టకున్నను అక్షరములను మరచునా? జర్మనీ పండితుడు ఎబ్బింగ్‌హౌస్, తనమీద తాను చేసికొన్న పరీక్షలవలన, మరచితిమనుకొన్న పాఠమును రెండవమారు నేర్చుటకు మొదటిమారు కంటె తక్కువ కాలము చాలునని 1885లోనే చూపియున్నాడు.

ఇది గ్రంథములలోని మాట మాత్రమే యనువారికి మన ఆంధ్రదేశములోనే నిదర్శనము కలదు. శ్రీమతి కోనేరు హంపి 1987లో గుడివాడలో జన్మించిరి. తండ్రి అశోక్ గారే ఆమెకు గురువు. 2002లో, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు బిరుదమును పొంది, అంతవరకు హంగేరీ దేశపు జూడిత్ పోల్గార్ పేరనున్న రికార్డును దాటిరి. నాటికి స్త్రీలలో అంత చిన్న వయస్సున ఆ బిరుదము పొందినవారు లేరు. అటువంటి ఆమె 2016 తరువాత రెండేండ్లు పోటీలను విడిచిరి. 2017లో తల్లియైరి. 2018లో బటూమీ నగరమున జరిగిన ఒలింపియాడునకు తిరిగి వచ్చిరి.

ఆ రెండేండ్లు సామాన్యమైనవి కావు. 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో అను యంత్రము, తనతో తానే ఆడి నేర్చిన విద్యతో, అప్పటి చదరంగపు కంప్యూటర్లలో పేరుగన్న దానిని ఓడించినదని వార్త వచ్చెను. దాని ఆటలను చూచిన పిమ్మట గొప్ప ఆటగాండ్రు సైతము అంచు బంటును ప్రత్యర్థి రాజు మీదికి తొందరగా నడుపుట మొదలైన పద్ధతులను క్రొత్తగా పాటింపసాగిరి. ఇల్లు వదలి పోయినవాడు తిరిగి వచ్చుసరికి వీధులే మారినట్లు. అయినను హంపి గారు 2019 సెప్టెంబరులో మాస్కో చెంతనున్న స్కోల్కొవోలో స్త్రీల గ్రాంప్రీ పోటీని గెలిచిరి. ఆ సంవత్సరమే డిసెంబరులో, మాస్కో నగరమున, ఒక్కొక్కరికి 15 నిమిషములును, ఎత్తునకు 10 సెకండ్లును ఇచ్చు వేగపు చదరంగమున ప్రపంచ విజేత యైరి. 12 ఆటల పిమ్మట చైనా దేశపు లే టింగ్జీతో సమానముగా నిలిచి, విడివడు పోటీలో మొదటి ఆట ఓడి, రెండవది గెలిచి, మూడవ దానితో కిరీటమును దక్కించుకొనిరి. పోవునని నేను పైన చెప్పినది వేగము. ఆమె గెలిచినది వేగపు ఆటలోనే. కనుక పోయిన వేగము కూడ తిరిగి వచ్చునన్నమాట. 2024 డిసెంబరులో న్యూయార్కున అదే బిరుదమును రెండవమారు పొందిరి. అందును మొదటి ఆట ఓడినవారే. 2025 జూలైలో ప్రపంచ కప్పు తుదిపోరున తన వయస్సులో సగము వయస్సు గల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడిరి. ఆ ఓటమిని చూచి "ఇక చాలు" అనుట ఎంత వెర్రి! ఆ తుదిపోరువరకు వచ్చుటయే ఎందరికి సాధ్యము?

ఇంతటివారు వేరు, మన పిల్లలు వేరు అందురేమో. నిజమే. ఇంటియందు గురువే యుండుట అందరికి లభించు భాగ్యము కాదు. కాని 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడువరకు మనము గుంటూరు జిల్లావారమే. ఆ గుంటూరునుండియే పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గ్రాండ్‌మాస్టరులైరి. హారిక గారు 2022లో నిండు గర్భిణియై చెన్నై ఒలింపియాడున ఆడి, భారత స్త్రీల జట్టు కాంస్య పతకము పొందుటలో పాలుపంచుకొనిరి. ఈ విద్య మన నీటికి పడనిది కాదు.

ఐతే తిరిగి వచ్చువారిలో రెండు తెగలవారు కలరు. బాబీ ఫిషర్ 1972లో స్పాస్కీని గెలిచి ప్రపంచ విజేతయై, ఇరువదేండ్లు బహిరంగముగా ఒక్క పోటీ ఆడక, 1992లో తిరిగి వచ్చి ఆ స్పాస్కీతోనే ఆడెను. గెలిచెను కూడ. కాని నడుమ కాలము నడువనే లేదన్నట్లు పాత ప్రత్యర్థినే వెదకికొనెను, క్రొత్తవారి నెదుర్కొనలేదు, ఆ పిమ్మట మరల పోటీ ఆడలేదు. ఇమాన్యుయేల్ లాస్కరు తీరు వేరు. 1894 మొదలు 1921 వరకు ప్రపంచ విజేతగా నున్న ఆ వృద్ధుడు, 1925 తరువాత పోటీలను విడిచి, హిట్లరు పాలనలో ఆస్తిని కోల్పోయి, జీవనమునకై 1934లో మరల బల్లయొద్దకు వచ్చెను. మరుసటి యేడు మాస్కోలో, 66 ఏండ్ల వయస్సున, ఒక్క ఆటయు ఓడక మూడవ స్థానమును పొందెను. తన కుమారుల ప్రాయము గల బొట్విన్నిక్ వంటివారితో కూర్చుండుటకు ఆయన సిగ్గుపడలేదు. నాకు లాస్కరే ఇష్టము.

మన పల్లెలలోని పులిజూదమును కూడ ఇందు చేర్చవలెను. గుడి అరుగు రాతిమీద గీసిన గీతలు, 3 పులులు, 15 మేకలు. పులిని నడుపుట ఎవనికైన వచ్చును. దూకి మేకను చంపుటయే కదా. మేకలను నడుపుటలోనే యున్నది విద్య. ఒక్కొక్కటి బలహీనమైనది, చచ్చుటకు పుట్టినది. వానినన్నిటిని ఒకదానికొకటి ఆనించి, పులికి కదల చోటు లేకుండ కట్టివేయవలెను. ఈ యాటలో ఆరితేరిన పెద్దలు ఇప్పటికిని పల్లెలలో నున్నారు. పొలము పనులలో పడి ఏండ్లతరబడి మానినవారే. బొగ్గుముక్కతో గీతలు గీసి పిలిచి చూడుడు, మీ తాతగారు మూడవ యాటకే మిమ్ము కట్టివేయుదురు.

ఆటవలన ఊరు విడిచి పోవుట, ఏండ్లు గడిపి తిరిగి వచ్చుట మన సీమకు క్రొత్త కథ కాదు. కోడిపందెములో ఓడిన మాచర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిరనియు, గడువు తీరి తిరిగి వచ్చి తమ పాలు తమకిమ్మనిన, గురజాలవారు ఇయ్యకపోవుటచేతనే కారెంపూడి యుద్ధము వచ్చినదనియు పల్నాటి వీరకథ చెప్పుచున్నది. అక్కడ అడ్డుపడినది నాయకురాలి పంతము. మన ఇండ్లలో తిరిగి వచ్చువానికి అడ్డుపడునది ఇరుగుపొరుగువారి నవ్వు మాత్రమే. వయస్సు మీరినదని వెనుదీయువారు హయ్యరు దొరగారిని తలచుకొనవచ్చును. 1842లో గుంటూరునకు వచ్చి, గురజాలలోను సేవచేసి, స్వదేశమునకు పోయిన ఆయన, 1869లో 76 ఏండ్ల వయస్సున రాజమహేంద్రవరపు మిషనును నిలుపుటకై మరల సముద్రము దాటి వచ్చెను.

తిరిగి వచ్చువారు చేయవలసినది పెద్ద కష్టము కాదు. మొదట కంఠస్థపు ఎత్తులకై పరుగెత్తరాదు. రాజు, ఒక్క బంటు మాత్రము మిగిలిన చివరి ఘట్టములను మరల సాధింపవలెను. వానిని ఏ యంత్రమును మార్చలేదు. తాము వెనుక ఆడి వ్రాసికొన్న ఆటల నోటుపుస్తకము దొరికిన, ఎత్తు వెంట ఎత్తు ఆడి చూచి, ఎక్కడ చేయి ఆగునో గుర్తించవలెను. పిమ్మట తమకంటె చిన్నవారితో ఆడి కొన్నాళ్లు ఓడవలెను. ఫోనులో ముఖము తెలియనివారితో అర్ధరాత్రివరకు ఆడుటను నేను అభ్యాసమని అనజాలను. అందు ఓడినవాడు వెంటనే మరొక యాట మొదలిడునే కాని, ఎందుకోడితినని అడుగడు.

కావున పాఠశాల పెద్దలకు నా విన్నపము. శనివారము సాయంకాలము ఒక గంట పఠన మందిరమును చదరంగమునకు విడిచిపెట్టుడు. ఆ గంట ఇప్పటి విద్యార్థులకు మాత్రమే యని బోర్డు మీద వ్రాయకుడు. ఇంజనీరింగు ముగించి ఇంటికి వచ్చిన పూర్వ విద్యార్థి రావచ్చును. బిడ్డను తీసికొనిపోవుటకు వచ్చిన తల్లియు కూర్చుండవచ్చును. ఆమెయు ఒకప్పుడు ఏదో పాఠశాల జట్టులో ఆడియుండవచ్చును, మన మెన్నడు అడుగలేదు గాక. మొదటి బల్లను ఎనిమిదవ తరగతివారికే యిచ్చి, తిరిగి వచ్చినవారిని తలుపు ప్రక్కనున్న చివరి బల్లయొద్ద కూర్చుండబెట్టుడు. ఒక్కొక్క బల్ల గెలుచుచు వారే ముందునకు వత్తురు.