ఆ ఆరు గంటలు అమ్మదాకా చేరాలి

భారత వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి,

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా అమ్మానాన్నలు కేదార్‌నాథ్ బయల్దేరుతున్నారు. 2013 జూన్‌లో అక్కడ వరదల్లో చిక్కుకుపోయిన మనవాళ్ల కోసం ఊరంతా టీవీల ముందు కూర్చోవడం నాకింకా గుర్తే.

కొండల్లో గంటకు 100 మిల్లీమీటర్ల వాన పడితే చిన్న వాగైనా బండల్ని దొర్లించుకొస్తుంది. ఆకస్మిక వరద ముప్పును ఆరు గంటల ముందే పసిగట్టే వ్యవస్థ 2020 నుంచి మీ దగ్గరుంది. కానీ అమ్మది బటన్ ఫోను. హెచ్చరిక ఇంగ్లీషు మెసేజ్‌గా వస్తే రీఛార్జి గోలనుకుని పక్కన పెట్టేస్తుంది.

అందుకే మనవి: హెచ్చరిక జిల్లా పేరుతో ఆగకుండా లోయ పేరుతో, తెలుగులో రావాలి. సిగ్నల్ అందని మజిలీల్లో, యాత్రా అధికారులతో కలిసి, మైకులో చెప్పించండి: ‘వాగు పక్కన ఉండకండి, పైకెక్కండి’.

ఇట్లు,
ఒక తెలుగు విద్యార్థి,
కటవారియా సరాయ్, ఢిల్లీ