చీమ ఎక్కిన లడ్డు

వీధిబడుల్లో పిల్లలు అమరకోశాన్ని రాగం తీసి వల్లెవేసేవారు. ఒక వస్తువుకున్న పేర్లన్నీ శ్లోకాల్లో వరసగా నోటికొచ్చేవి. ఇంగ్లీషులో పర్యాయపదాలను అర్థాలవారీగా పోగుచేసినవారు బ్రిటిష్ వైద్యుడు పీటర్ మార్క్ రోజే. సొంత అవసరానికి 1805లోనే జాబితా రాసుకున్నా, ఆయన ‘థెసారస్’ అచ్చయింది 1852లో. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి.

ఈ సంచికలో ఇంగ్లీషు పర్యాయపదాలు నేర్పే పిల్లల పేజీలదీ అదే దారి. కాకపోతే కాస్త అల్లరెక్కువ.

ఇక్కడ చీమ ‘బిగ్’ లడ్డును చూస్తుంది, ‘హ్యూజ్’ లడ్డును ఎక్కుతుంది, ‘జైగాంటిక్’ లడ్డు మీద దారి తప్పుతుంది. అత్తయ్యను ‘స్లిమ్’ అంటే మురిసిపోతుంది. ‘స్కిన్నీ’ అంటే మూతి ముడుస్తుంది. రెండూ సన్నదనమే అయినా ఎక్కడ ఏది వాడాలో పిల్లలకు ఆ మూతే చెబుతుంది.

‘హంగ్రీ’, ‘స్టార్వింగ్’ మాటలకు మాత్రం వాక్యాలు రాయకుండా గళ్లు ఖాళీగా ఉంచాం. తమ్ముణ్ణో, పక్కింటి పిల్లినో వాటిలోకి లాగడం పాఠకుల ఇష్టం.