పాత బట్టకు అంటగట్టిన మైల

"డబ్బులు పోసి మరీ ఒకళ్లు విడిచిన బట్టలు కొనుక్కోవడమేమిటి, ఖర్మ కాకపోతే?" కాలేజీ పిల్లలు సెకండ్ హ్యాండ్ చొక్కాలూ జాకెట్లూ కొని, కత్తిరించి, తమ ఒంటికి తగ్గట్టు కుట్టించుకుని తిరుగుతుంటే ఇంట్లో పెద్దల నోట వచ్చే మొదటి మాట ఇది. దాని వెనక నాలుగు వాదనలున్నాయి. ఇది మన సంప్రదాయం కాదు, తెల్లవాళ్ల పిచ్చి. రోగాలు అంటుకుంటాయి. నేతన్న పొట్ట కొట్టినట్టవుతుంది. పేదవాడికి దక్కాల్సింది ఉన్నవాడు ఎగరేసుకుపోయినట్టవుతుంది. నాలుగూ వినడానికి సబబుగానే ఉంటాయి. కాస్త నిలబెట్టి అడిగితే మొదటి రెండూ కూలిపోతాయి. మూడోది గురి తప్పింది. నాలుగో దాంట్లో కొంత నిజముంది గానీ, దాన్నుంచి తీసిన తీర్పు తప్పు.

ముందు సంప్రదాయం సంగతి. తెలుగింట్లో పాత బట్టను ఊరికే పారేసిందెప్పుడు? అమ్మ పట్టుచీర పాతబడితే కూతురికి పరికిణీ అయింది. అన్న నిక్కరు తమ్ముడికి దిగింది. కట్టి కట్టి మెత్తబడ్డ నూలుచీర పసిబిడ్డకు ఉయ్యాలైంది, పొత్తిగుడ్డలైంది. నాలుగు చీరలు పొరలుగా పరిచి కుట్లేస్తే బొంత. ఇక దేనికీ పనికిరాదనుకున్న ముక్క పొయ్యి దగ్గర మసిగుడ్డ. గద్వాల చీరనే తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఏళ్ల తరబడి కడితే ముందు నూలు చిరుగుతుంది, అంచు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ అంచును జాగ్రత్తగా విప్పి పిల్ల పరికిణీకో, జాకెట్టు చేతులకో వేయించిన ఇల్లాలిని మనం పొదుపరి అన్నాం. ఇవాళ అదే పని మనవరాలు చేసి 'అప్‌సైక్లింగ్' అంటే విదేశీ వ్యామోహం అంటున్నాం.

ఇదంతా ఇంట్లోవాళ్ల బట్టల సంగతి, బజారుకు ఎక్కలేదు కదా అనొచ్చు. బజారుకూ ఎక్కింది. స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చే ఆవిడను మరిచిపోయారా? రెండు ప్యాంట్లు, మూడు చీరలు ముందు పడేస్తే, ఆవిడ ఒక్కో ప్యాంటునూ వెలుతురుకు పట్టి చూస్తుంది. జిప్పు లాగి చూస్తుంది, కూర్చునే చోట గుడ్డ పలచబడిందేమో వేళ్లతో తడుముతుంది, చీరను విప్పి మడతల దగ్గర గుంజి చూస్తుంది. "ఈ డబరాకు ఇంకో చీర వెయ్యమ్మా" అంటుంది. "ఇంత చిన్నదానికా, ఆ మూత కూడా ఇవ్వు" అని ఇంటావిడ. ఆ మూట ఎక్కడికి పోతుందో ఆ ఇంటావిడ ఎన్నడూ అడగలేదు. ఏరి, ఉతికి, చిరుగులు కుట్టి, ఇస్త్రీ చేసి మళ్లీ అమ్మే పెద్ద వ్యాపారం దాని వెనక ఉంది. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లోని ఘోడా మండీలో తెల్లవారకముందే ఈ బట్టల బేరాలు మొదలవుతాయి. గుజరాత్ నుంచి వచ్చిన వాఘ్రీ కుటుంబాలు తరాలుగా ఈ వ్యాపారం మీదే బతికాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్ నిన్న మొన్న పుట్టినవా? పాత బట్ట మన దేశంలో ఎప్పుడూ చేతులు మారుతూనే ఉంది. అమ్మే చేతికి లేని సిగ్గు కొనే చేతికే ఎందుకు రావాలి?

ఎందుకంటే, ఆ సిగ్గుకు కులం ఉంది. మనుస్మృతి పదో అధ్యాయం శూద్రుడికి జీర్ణవస్త్రాలు ఇమ్మంది, చండాలురు శవాల మీది బట్టలే కట్టాలంది. మన ఊళ్లలో పండగకి పాలేరుకి పాత పంచె, పనిమనిషికి వెలిసిన చీర ఇవ్వడం ఆ శాసనానికి మర్యాదస్తుల రూపం. విడిచిన బట్ట ఎప్పుడూ పైనుంచి కిందికే దిగింది. అందుకే అన్న నిక్కరు తమ్ముడికి మైల కాలేదు గానీ, ఎవరిదో తెలియని చొక్కా మైలైంది. ఆచారం ఇంకా విచిత్రం. ఎన్నిసార్లు కట్టినా పట్టుబట్టకు మైల లేదు, ఉతక్కపోయినా మడికి పనికొస్తుంది. శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసిన పరాయివాడి చొక్కా మాత్రం పనికిరాదు. ఇందులో శుభ్రత ఎక్కడుంది?

ఇక్కడ దళిత పాఠకులు అడగగల ప్రశ్న ఒకటుంది. "మా తాతలు మీరు విడిచిన గుడ్డలే కట్టారు. ఇప్పుడు అదే ఫ్యాషన్ అని మాకే చెబుతారా?" ఆ కోపం న్యాయమైంది. 1927లో మహద్‌లో అంబేడ్కర్ స్త్రీలతో మాట్లాడుతూ, అంటరానితనాన్ని చాటే కట్టూబొట్టూ వదిలెయ్యమన్నారు. ఆయన సూటు వెనక ఆ రాజకీయమే ఉంది. కొత్త బట్ట కట్టుకునే హక్కును పోరాడి తెచ్చుకున్నవాళ్లకు పాత బట్టల నీతి బోధించే అర్హత ఎవరికీ లేదు. నేను మాట్లాడుతున్నది బీరువా తలుపు పట్టనన్ని బట్టలుండి కూడా పాతది కొనడం నామోషీ అనుకునేవాళ్లతో. దయతలచి పారేసిన గుడ్డను తలవంచి తీసుకోవడం వేరు, నచ్చింది ఏరుకుని ధర కట్టి కొనడం వేరు. రెండోదాంట్లో అవమానం లేదు.

ఇక రోగాల భయం. పెళ్లికొడుకు అద్దె షేర్వాణీలో పీటల మీద కూర్చుంటాడు. అంతకుముందు అది ఎంతమంది ఒంటి మీద చెమట పట్టిందో ఎవరూ అడగరు. స్నాతకోత్సవం గౌను, నాట్య ప్రదర్శనకు తెచ్చిన నగలూ దుస్తులూ, హోటల్ దుప్పటి, రైలు కంబళి, అన్నీ పరాయివే. 'కొత్త' చొక్కా కూడా ట్రయల్ రూములో ఎందరో తొడిగి విప్పిందే. సైన్సు ఏమంటుంది? గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. నల్లి మొండిది, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికితే అదీ, దాని గుడ్లూ చస్తాయి. కొన్న బట్టను సంచిలోంచి నేరుగా బీరువాలో పెట్టకుండా ముందు వేణ్నీళ్లలో నానేసి, ఉతికి, మన రాష్ట్రాల్లో కొరత లేని ఎండలో ఆరేస్తే చాలు. లోదుస్తులు, ఈతదుస్తులు కొనకండి. అంతకుమించిన భయం అక్కర్లేదు.

మూడోది నేతన్న మాట. ఈ మాట ఎక్కువగా వినిపించేది పోచంపల్లి ఇక్కత్‌ను పాలిస్టర్ మీద అచ్చేసిన చీరను ఆఫర్‌లో కొనేవాళ్ల నోట కావడం వింత. చేనేతకు మాత్రమే కేటాయించిన రకాలను కాపాడటానికి 1985లో చట్టం వచ్చింది. మొదట 22 రకాలుంటే తర్వాత అవి 11కు తగ్గాయి. ఆ పదకొండింటికి కూడా మర నకళ్ల పోటీ తప్పలేదు. మగ్గాన్ని దెబ్బతీసింది నాలుగుసార్లు కట్టి పడేసే చౌక బట్ట. పదిహేనేళ్లలో ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపైందనీ, ఒక్కో బట్టను తొడిగే సార్లు మాత్రం మూడో వంతుకు పైగా పడిపోయాయనీ ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017 నివేదిక లెక్కగట్టింది. పాత వెంకటగిరి చీరను చేత్తో తడిమి, ఇన్నేళ్లకూ దాని నూలు ఎందుకు నిలబడిందో తెలుసుకున్న పిల్ల, రేపు కొత్తది కొనాల్సి వస్తే అచ్చు నకలు కొనదు. నేతన్నకు కావాల్సింది అలాంటి కొనుగోలుదారులే. కుటుంబానికి ఏడాదికి రెండు మంచి నేత చీరలు కొని, మిగతా అవసరం పాతవాటితో తీర్చుకుంటే నేతకు నష్టమేముంది?

నాలుగోది పేదవాడి వాటా. ఇందులో నిజముందన్నాను. సంతలో కూలిపనికి వెళ్లేవాడు కొనుక్కునే గట్టి ప్యాంటునూ, చలికాలం స్వెట్టరునూ, పిల్లల స్కూలు యూనిఫామునూ 'వింటేజ్' పేరుతో మూటలుగా ఎత్తుకుపోయి మూడింతలకు అమ్మితే అది దోపిడీయే. అందుకని అసలు కొనడమే మానెయ్యాలా? అక్కర్లేదు. ఆ మూడింటి జోలికి పోవద్దు. రోజంతా ఎండలో కూర్చున్న మనిషి దగ్గర ఇరవై రూపాయలకు గీచిగీచి బేరమాడొద్దు. పేదల అవసరం మన దానాలతో తీరుతోందనే భ్రమ కూడా వదలాలి. 2004 సునామీ తర్వాత తమిళనాడులో సాయం పేరుతో వచ్చి, ఎవరికీ పనికిరాక గుట్టలుగా పడిన బట్టలను ఏరి, పనికొచ్చేలా మార్చాల్సి వచ్చింది. ఆ పని చేసిన 'గూంజ్' సంస్థ పాత నూలుగుడ్డతో స్త్రీలకు నెలసరి ప్యాడ్లు తయారుచేస్తోంది. దాన్ని నడిపిన అన్షు గుప్తాకు 2015లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన వాదం సారాంశం ఒక్కటే: బట్టను బిచ్చంగా ఇవ్వొద్దు, పనికి ప్రతిఫలంగా గౌరవంతో ఇవ్వాలి.

పెద్దలను ఖండించాను కదా అని పిల్లలు సంబరపడక్కర్లేదు. పాతది కొనగానే భూమిని కాపాడినట్టే అన్న మాట కూడా అబద్ధమే. ఒక పాత చొక్కా ఒక కొత్త చొక్కాను ఆపితేనే లాభం. వారానికో సంచి నింపుకొచ్చి ఫొటో దిగి మూలన పడేస్తే అది పాత సరుకుతో చేసే కొత్త దుబారా. ఎక్కడి పాత బట్ట అన్నది కూడా చూడాలి. సంపన్న దేశాలు విడిచిన మూటలు ఘానా రాజధాని అక్రాలోని కంటమాంటో సంతలో దిగుతాయి. అమ్ముడుపోనివి అక్కడి సముద్రతీరం దాకా చెత్తై పరుచుకుంటాయి. 2025 జనవరి మొదట్లో ఆ సంత చాలావరకు కాలిపోయింది. మన దేశంలో విదేశీ పాత బట్టల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. తొడగడానికి వీల్లేకుండా కోసిన ఊలు పేలికలు పానిపట్ చేరి, చీలి, మళ్లీ నూలై కంబళ్లవుతాయి. ఆ విద్య 1813లో ఇంగ్లండ్‌లోని బాట్లీలో పుట్టింది. ఇప్పుడు చౌక పాలిస్టర్ కంబళ్లు దాన్నీ వెనక్కి నెడుతున్నాయి. వాడిన బట్టను మళ్లీ కొత్త బట్టగా మార్చే పని ప్రపంచం మొత్తం మీద ఒక శాతం కూడా జరగడం లేదని అదే 2017 నివేదిక చెప్పింది. అంటే 'రీసైక్లింగ్ చేస్తారులే' అన్న ధీమాకు ఆధారం లేదు. ఉన్న బట్టను ఉన్నట్టుగా ఎక్కువ కాలం తొడగడమే అసలు దారి.

దానికి కావాల్సింది కాస్త కన్ను, ఒక మంచి టైలరు. చొక్కా కొనేటప్పుడు కాలర్ మడత, చంకలు, మణికట్టు పట్టీ చూడండి. కాలర్ మాత్రమే అరిగితే విప్పి తిరగేసి కుట్టించవచ్చు, పాతకాలం టైలర్లకు అది మామూలు పని. ప్యాంటుకు తొడల లోపలి గుడ్డ, అడుగున లోపలికి మడిచిన గుడ్డ ఎంతుందో చూడండి. నడుము తగ్గించడం తేలిక, భుజం తగ్గించడం కష్టం. అందుకే కోటు భుజాల దగ్గర సరిపోకపోతే ఎంత చౌకైనా వదిలెయ్యండి. పట్టుచీర మడతల దగ్గర చిట్లితే చీరగా ముగిసినట్టే, పరికిణీగానో దుపట్టాగానో మొదలుపెట్టవచ్చు.

పాత బట్టలో మైల లేదు. మైల ఉన్నదల్లా దాన్ని ఎవరు కట్టాలో, ఎవరు కట్టకూడదో నిర్ణయించిన బుద్ధిలో. పెద్దలు ఆ బుద్ధిని వదలాలి, పిల్లలు సంచుల కొద్దీ కొనే యావను వదలాలి. ఈ పండక్కి కొత్త బట్టల దుకాణానికి బయల్దేరే ముందు ఇంట్లో బీరువా ఒకసారి తెరవండి. అందులో సగం బట్టలు దుకాణానికి కాదు, వీధి చివరి టైలరు దగ్గరికి వెళ్లాల్సినవి.