లెక్క ఊరిముందు చదవాలి

ఆధునిక పాలన అనగానే మనలో చాలామందికి కంప్యూటరు గుర్తుకొస్తుంది. ఆఫీసులో కంప్యూటరు పెడితే పని త్వరగా అవుతుందని, అవినీతి పోతుందని అనుకుంటాం. కంప్యూటరు అవసరమే, కాదనను. అయితే అందులో ఎక్కించిన లెక్క నిజమో కాదో దానికి తెలియదు. ఆ గుంత తవ్వారా లేదా అన్నది తవ్విన కూలీకి తెలుసు, ఆ ఊరికి తెలుసు. అందుకే లెక్కను ఊరిముందు చదివి వినిపించడమే అసలైన ఆధునిక పాలన అని నా అభిప్రాయం. ఆ పని మన అనంతపురం జిల్లాలోనే జరిగింది.

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. పని అడిగిన కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని, 15 రోజుల్లో చూపకపోతే భృతి చెల్లించాలని 2005 నాటి చట్టం చెప్పింది. ఆ చట్టంలోని 17వ సెక్షను మరో గొప్ప మాట చెప్పింది. పనులపై సామాజిక తనిఖీ చేసే అధికారం గ్రామసభదే అన్నది. 2006లోనే మన జిల్లాలో పాదయాత్రగా ఊరూరా తిరిగి పెద్దఎత్తున ఈ తనిఖీ చేశారు. 2009లో రాష్ట్రప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేసింది.

ఈ తనిఖీ ఎలా చేస్తారు? మండల ఆఫీసు నుంచి మస్టర్లు, కొలతల పుస్తకాలు తీసుకుంటారు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపుతారు. సొంత ఊళ్లో అయితే మొహమాటం, బంధుత్వం అడ్డొస్తాయి కదా! వాళ్లు ఇంటింటికీ వెళ్లి "అక్కా, నీ పేరున ఇన్ని రోజులు రాశారు, నువ్వు చేసినవి ఎన్ని? నీ చేతికి వచ్చింది ఎంత?" అని అడుగుతారు. పని జరిగిన చోట టేపు పట్టి కొలుస్తారు. గ్రామసభలో చదివి వినిపిస్తారు. చివరకు మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుటే తేలుస్తారు. 1994లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనసభల్లో బిల్లులు, మస్టర్లు చదివించింది. ఆ ఉద్యమమే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి దారి వేసింది.

ఇందులో లోపాలు లేవా? ఉన్నాయి. తనిఖీల్లో తేలిన సొమ్ములో తిరిగి వసూలైనది కొద్దిభాగమే. తప్పు బయటపడినా శిక్ష పడకపోతే జనానికి నమ్మకం పోతుంది. అలాగని చదవడం మానేస్తే ఏమవుతుంది? 2023 నుంచి పనిచోట ఫోనుతో ఫొటో తీసే హాజరును తప్పనిసరి చేశారు. ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పంపుతున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాసింది. యంత్రం మారింది, మనిషి బుద్ధి మారలేదు. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. 100 రోజులను 125 చేసింది. చట్టం పేరు మారినా రోజుల సంఖ్య పెరిగినా ఊరిముందు లెక్క చదివే అలవాటు మాత్రం పోకూడదు.

కంబదూరు లాంటి మండలంలో ఇది చిన్న విషయం కాదు. వాన మొహం చాటేస్తే శెనక్కాయ పంట ఎండిపోతుంది. ఊళ్లో పని దొరికితే అమ్మానాన్నలు ఇంటిపట్టున ఉంటారు. దొరక్కపోతే బెంగళూరు బస్సెక్కుతారు, పిల్లలు హాస్టల్లో ఉంటారు. మస్టర్లో ఒక దొంగ పేరు పడిందంటే ఒక అమ్మ బస్సెక్కిందని అర్థం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ జాబ్ కార్డు, పాస్‌బుక్ తీసి పక్కపక్కన పెట్టి చదవండి. తేడా ఉంటే తెల్లకాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము కూడా లేదు. గ్రామసభ అంటే పెద్దలు సంతకాలు పెట్టే కాగితం కాదు. ఓటున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే.

చివరగా ఒక మనవి. ఊరి లెక్క అడిగేముందు మన ఇంటి లెక్కతో మొదలుపెడదాం. మనకు ఇల్లు ఈ హాస్టలే. నెలకొక ఆదివారం ప్రార్థన అయ్యాక, ఆ నెల ఎంతమంది తిన్నారు, బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి అన్నది పదో తరగతి విద్యార్థి ఒకరు రిజిస్టరు పట్టుకుని గట్టిగా చదవాలి. ఇది వార్డెన్ సారు మీద అనుమానం కాదు. లెక్క సరిగ్గా ఉన్న సారుకు ఇంతకు మించిన రక్షణ మరొకటి లేదు. నిజాయితీపరుడి మీద పుకారు పుట్టకుండా ఆ చదువే కాపాడుతుంది.

ఇక్కడ లెక్క చదవడం, వినడం, నిలబడి ప్రశ్న అడగడం నేర్చుకున్న పిల్లవాడు రేపు సర్పంచైనా, గుమాస్తాయైనా, కూలీయైనా ఆ అలవాటు మరిచిపోడు. వచ్చే వార్షికోత్సవానికి ఆ పన్నెండు నెలల లెక్క ఇదే పత్రికలో అచ్చయితే చూడాలని నా కోరిక.