మళ్ళీ పాచిక వేయనివ్వకండి



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను. ఇప్పుడు తీరిక లేనివాళ్ళు రాత్రి భోంచేశాక చదవండి. నేను ఎస్.ఎస్.ఎల్.సి. దాకా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నలభై దాటాక మన సంఘం క్లాసులోనే దిద్దుకున్నాను. రాతలో తప్పులుంటే సరిచేయండి. తప్పులు దిద్దే పనిలో పడి విషయాన్ని మాత్రం దాటేయకండి.

వచ్చే ఆదివారం కమిటీ ముందుకు రెండు మాటలు వస్తున్నాయి. మొదటిది: మేడ మీద హాల్లో ఆదివారం మధ్యాహ్నం పిల్లలు ఆడే ఆట ఆపించాలి, అందులో హత్యలు, ఊళ్ళు తగలబెట్టడాలు ఉన్నాయి అని. రెండోది పిల్లల పక్షం మాట్లాడేవాళ్ళది: ఆట ఉండనివ్వండి, పోయిన నెల అందులో జరిగినదాన్ని మాత్రం జరగనట్టు చేసేయండి అని. నా లెక్కలో రెండూ తప్పే. మొదటిది తెలియక చేసే తప్పు. రెండోది మనకు అలవాటైపోయిన తప్పు. అందుకే రెండోదాని మీదే నాకు కోపం జాస్తి.

ముందు ఆట సంగతి చెప్తాను. పేరు పెండ్రాగన్. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ అనే అమెరికా ఆయన తయారుచేశాడు. కంప్యూటర్ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. ఒక టేబులు, కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక, మామూలు ఆరు ముఖాల పాచికలు ఉంటే చాలు. కథ బ్రిటన్‌లో, ఆర్థర్ రాజు కాలంలో నడుస్తుంది. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో నైటు. నైటంటే రాత్రి కాదు, గుర్రమెక్కి ఈటె పట్టి తన ప్రభువు కోసం యుద్ధం చేసే వీరుడు. ఇక మీదట వీరుడు అనే రాస్తాను. కథ నడిపేవాళ్ళను గేమ్‌మాస్టర్ అంటారు. ఇక్కడ ఆ పని మా మనవరాలిది, కాలేజీలో రెండో సంవత్సరం. తెలుగు క్లాసుకు రమ్మంటే కడుపునొప్పి అని చెప్పే పిల్లలు ఇక్కడ నాలుగు గంటలు కూర్చుని "ప్రభూ, సెలవివ్వండి" అని తెలుగులో వాదించుకుంటారు. ఆ ముచ్చట చూద్దామనే వెళ్ళాను. రెండో వారం నన్నూ ఆడమన్నారు.

ఈ ఆటలో ఒక కణక్కు ఉంది. గుమాస్తాని కాబట్టి అదే నన్ను పట్టుకుంది. వీరుడికి బలం, కత్తిసాములకే కాదు, మనసుకు కూడా అంకెలుంటాయి. పదమూడు జతల గుణాలు: దయ, క్రూరత్వం, నిజం, మోసం, అణకువ, గర్వం, ముందుచూపు, దుందుడుకు, ఇట్లా. ప్రతి జతా కలిపితే 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. ఇవి కాక ఆవేశాలు వేరే: ప్రభుభక్తి, కుటుంబం మీద ప్రేమ, అతిథిధర్మం, గౌరవం, ద్వేషం. ఆవేశం అంకె ఎంతో, పాచిక అంతకు మించకుండా పడితే వీరుడికి పూనకం వచ్చినట్టు ఒక నైపుణ్యానికి 10 కలుస్తుంది. మామూలు మనిషి మహావీరుడౌతాడు. అంతకు మించి పడితే నీరుగారిపోతాడు. 20 పడిందా, మతి చలించి అడవి పట్టుకుని పోతాడు. అంకె 16 గానీ అంతకు పైన గానీ ఉంటే, మనకు ఇష్టం లేకపోయినా గేమ్‌మాస్టర్ పాచిక వేయించొచ్చు. అంటే, నువ్వే పెంచి పోషించిన కోపం ఒకరోజు నిన్ను అడక్కుండానే లేస్తుంది.

నా వీరుడికి సాక్సన్ల మీద ద్వేషం 17. సాక్సన్లంటే సముద్రం దాటి వచ్చి ఆ దేశం మీద పడ్డవాళ్ళు. ఆ 17 ఎవరో రాసింది కాదు, నేనే పెంచుకుంటూ పోయాను. పెరిగిన ప్రతిసారీ యుద్ధంలో లాభమే వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. పోయిన నెల కథలో సాలిస్‌బరీలో మా ప్రభువు విందుకు ఒక సాక్సన్ దూత వచ్చాడు. ప్రభువు అభయమిచ్చి పిలిపించినవాడు. నా వీరుడి అన్నను చంపినవాడూ వాడే. మనవరాలు ముందే అడిగింది, "తాతా, మీ వీరుడు బయటికి వెళ్ళిపోతాడా? ఇక్కడే కూర్చుంటే పాచిక వేయాల్సి వస్తుంది" అని. కూర్చుంటానన్నాను. ద్వేషానికి 9 పడింది, నెగ్గింది. అతిథిధర్మం నాకు 15, దానికి 18 పడింది, ఓడింది. నా వీరుడు భోజనాల దగ్గరే దూతను పొడిచాడు.

తర్వాత వరసగా పడ్డాయి. గౌరవం అంకెలో కోత. ప్రభువు ఇచ్చిన మాట పోయింది కాబట్టి నా వీరుడికి దేశబహిష్కారం. భూమి ప్రభువు చేతికి పోయింది. పదేళ్ళ కొడుకు ప్రభువు సంరక్షణలోకి పోయాడు. ఎండాకాలానికి ముందే సాక్సన్లు పగ తీర్చుకోవడానికి వచ్చారు. కాలింది నా ఊరు కాదు. సరిహద్దులో ఉన్న పక్కవాడి ఊరు. ఆ పక్కవాడి పాత్ర ఆడేది పదిహేనేళ్ళ అబ్బాయి. ఆ ఊరికి పేరు పెట్టి, చుట్టూ గోడ కట్టించి, బొమ్మ కూడా గీసుకున్నాడు. వాడు నా మొహం చూసి "తాతా, మీ కోపానికి నా ఊరు కాలిపోయింది" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు మొదలయ్యాయి మన పాత మాటలు. "పెద్దాయన కదా, పోనీ, మళ్ళీ పాచిక వేయనివ్వండి." "సుమ్మా ఆటే కదా." తీసుకెళ్ళడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా అదే పాట. మనవరాలు కూడా మెత్తబడింది. నేను వద్దన్నాను. ఈ పోస్టంతా ఆ వద్దన్నదానికి వివరణే.

ఈ ఆటకు ముఖ్యమైన ఆధారం థామస్ మాలరీ రాసిన ఆర్థర్ కథల పుస్తకం. విలియం కాక్స్‌టన్ 1485లో అచ్చువేశాడు. అందులో బేలిన్ అని ఒక వీరుడు. చెడ్డవాడు కాదు. మచ్చ లేని వీరుడు మాత్రమే ఒరలోంచి తీయగల కత్తిని నిండు సభలో అతనొక్కడే తీశాడు. ఆ సభకే తన తల్లి చావుకు కారణమైన స్త్రీ వచ్చింది. చూసిన వెంటనే తల నరికేశాడు. ఆర్థర్ ఏమన్నాడు? నీకు ఎంత కారణమున్నా సరే, ఆమె నా అభయం మీద వచ్చింది, నా సభలోంచి పో అన్నాడు. ఆ దుందుడుకు అక్కడితో ఆగలేదు. తర్వాత ఒక రాజును బేలిన్ పొడిచిన ఒక్క పోటుకు కోట కూలింది, మూడు దేశాలు పాడుపడ్డాయి. చివరికి ముసుగులో ఉన్న సొంత తమ్ముడితో, ఎవరో తెలియకుండా పోరాడి ఇద్దరూ చచ్చారు. ఆ మొదటి రోజే ఎవరైనా "పోనీలే, మళ్ళీ పాచిక వెయ్యి" అనుంటే ఈ కథ లేదు. బేలిన్ అనే పేరే ఎవరికీ తెలిసేది కాదు.

అంత దూరం ఎందుకు, మన భారతం చూడండి. ధర్మరాజు జూదంలో అన్నీ ఓడాడు. సభలో ద్రౌపదికి అవమానం జరిగింది. ధృతరాష్ట్రుడు భయపడి వరాల పేరుతో ఓడినవన్నీ తిరిగి ఇచ్చేశాడు. మళ్ళీ పాచిక వేయించినట్టే. ఓడినవాడికి నష్టం లేదు, అవమానించినవాళ్ళకు శిక్ష లేదు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఏమైంది? ఇంటికి పోతున్నవాళ్ళను వెనక్కి పిలిచి రెండో జూదం ఆడించారు. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం, ఆపైన కురుక్షేత్రం. మొదటి లెక్క కొట్టేశారు కాబట్టి రెండో లెక్క కొండంత అయింది.

రైల్వేలో నా ఉద్యోగం గూడ్స్ షెడ్డులో మొదలైంది. మా రిజిస్టరులో రబ్బరు వాడకూడదు. అంకె తప్పు పడితే, పాతది కనబడేటట్టు ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. ఛార్జీ తక్కువ వసూలు చేస్తే నెలల తర్వాతైనా అకౌంట్స్ ఆఫీసు నుంచి ఎర్రర్ షీట్ వచ్చేది. ఒకసారి నా జీతంలోంచే కట్టాను. ఆ రోజు తిట్టుకున్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా బరువు కాయితం రెండుసార్లు చూడకుండా సంతకం పెట్టలేదు.

అట్లాగని గేమ్‌మాస్టర్ జల్లాదులాగా ఉండాలని నేను చెప్పడం లేదు. శిక్ష వేయడానికి ఒక పద్ధతుంది. పాచిక వేసే ముందే ఏం పోవచ్చో చెప్పాలి. మా మనవరాలు చెప్పింది, నేను వినలేదు. చెప్పకుండా వేసే శిక్ష మోసం. రెండోది, వీరుణ్ణి చంపేయకూడదు. చచ్చినవాడు ఏ బాకీ కట్టడు. బహిష్కారం, జరిమానా, భూమి, గౌరవం, కొడుకు భవిష్యత్తు, ఇవి తీసుకోవాలి. అప్పుడే తీర్చుకునే దారి మిగులుతుంది. లాన్సలాట్ అంతటివాడు మతి పోయి కిటికీలోంచి దూకి అడవులు పట్టి తిరిగాడు, కానీ బాగుపడి తిరిగొచ్చాడు. తిరిగొచ్చే దారి ఉండాలి, నడవాల్సింది మాత్రం అతనే. ఇంకోటి, దెబ్బ తగిలిన పక్కవాడికి నోరుండాలి. ఊరు కాలిన ఆ అబ్బాయి నా వీరుడి మీద ఫిర్యాదు చేయొచ్చు, పరిహారం అడగొచ్చు, క్షమించనని కూడా చెప్పొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తిట్లు వీరుడికి, మర్యాద మనిషికి. టేబుల్ మీద నన్ను బహిష్కరించిన పిల్లే టీ బ్రేకులో నాకు చక్కెర లేని కాఫీ తెచ్చి ఇచ్చింది.

ఈ ఆటలో ఏడాది ముగిస్తే చలికాలం లెక్క వస్తుంది. మన మార్చి 31 లాగా. గుర్రం బతికిందా, పిల్లలు పుట్టారా, ముప్పై అయిదు దాటితే ఒంట్లో ఏం తగ్గింది, ఏ గుణం పెరిగింది, అన్నీ చూస్తారు. తండ్రి పోతే కొడుకు కథలోకి వస్తాడు. నా వీరుడు చేసిందాన్ని ఇప్పుడు కొట్టేస్తే రేపు ఆ కొడుకు దేన్ని సరిచేస్తాడు? నాన్న ఎందుకు దేశం వదిలిపోయాడని అడగడానికి కూడా వాడికేమీ ఉండదు.

ఇక ఆట ఆపాలనే పెద్దలకు ఒక ప్రశ్న. వార్షికోత్సవంలో సినిమా పాటకు మన పిల్లల చేత కత్తులు తిప్పించాం. ఆ పాటలో హీరో ఎంతమందిని నరికాడో లెక్కలేదు. మనం ఈలలు వేశాం. ఇక్కడ ఒక్క మనిషిని పొడిచినవాడికి దేశం పోయింది, పరువు పోయింది, పక్కవాడి ముందు తల దించుకున్నాడు. ఈ రెంటిలో పిల్లలకు చెడ్డ పాఠం ఏది?

ఇప్పుడు అసలు మాట. ఇన్నాళ్ళు నోరు రాలేదు.

పోయిన సంవత్సరం మహాసభలో ఒక తల్లి లేచి, తెలుగు క్లాసు టైము మార్చమని అడిగింది. తమిళం కలిపి మాట్లాడింది. నేను మైకు లాక్కుని "ఇది తెలుగా?" అని అరిచాను. తమిళ మీడియం చదివిన నేను! కొందరు నవ్వారు కూడా. భాష మీద ప్రేమ అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది 17కు చేరిన ఆవేశం. పెంచింది నేను, చప్పట్లు మీవి. ఆమె, ఆమె ఇద్దరు పిల్లలు ఆ రోజు నుంచి సంఘం మెట్లు ఎక్కలేదు. మినిట్స్ పుస్తకంలో ఏముందో చూడండి: "సభ సజావుగా ముగిసింది." ఆ వాక్యం రాసింది నేనే. రైల్వేలో ఒక్క అంకె చెరపని చేత్తో ఇక్కడ ఒక కుటుంబాన్ని చెరిపేశాను. మీరంతా "పెద్దాయన కదా, పోనీ" అన్నారు.

"మీ కోపానికి నా ఊరు కాలిపోయింది" అని ఆ అబ్బాయి అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ తల్లి మొహమే.

అందుకని వచ్చే ఆదివారం నేను మూడు అడుగుతాను. పిల్లలకు హాలు ఇవ్వండి, వాళ్ళ ఆటలో పడిన శిక్షను వాళ్ళకే వదిలేయండి. మినిట్స్‌లో ఆ వాక్యం మీద కనబడేటట్టు గీత కొట్టి, జరిగింది రాసి, మీ ముందు సంతకం పెట్టనివ్వండి. ఒక ఏడాది నన్ను వేదిక ఎక్కనివ్వకండి, మైకు ఇవ్వకండి. ఆమె ఇంటికి నేనే వెళ్తాను, ఎవరూ తోడు రావద్దు. క్షమిస్తుందో లేదో ఆమె ఇష్టం. క్షమించమని ఆమెకు ఎవరూ ఫోన్ చేయకండి, దండం పెడతాను.

నా వీరుడు ఇప్పుడు సముద్రం అవతల, ఫ్రాన్సు దేశంలో, కూలికి కత్తి తిప్పుతున్నాడు. కాలిన ఊరికి పరిహారం కూడబెడుతున్నాడు. ఆ అబ్బాయి 40 పౌండ్లు అడిగాడు. ఇప్పటికి 6 అయ్యాయి.

లైకులు వద్దు. ఆదివారం సాయంత్రం 5 గంటలకు మీటింగుకు రండి.