ట్రాక్టర్ ముక్కు మార్చే ముందు మన లెక్క మార్చుకుందాం



వచ్చే ఆదివారం కూటంలో మళ్లీ ఆ తీర్మానమే పెడతారని వింటిమి. సంఘం ట్రాక్టర్‌కు ఎయిర్ ఫిల్టర్ మార్చాలి, బ్రీదర్ గొట్టాన్ని తిప్పి ఇంజను పీల్చే గాలిలోకే కలపాలి, ఈసారి “మంచి సరుకు” వేసి చేయాలి అని. మేము దీన్ని ఎదిరిస్తాం. ఎందుకో ముందుగానే రాసి పెడుతున్నాం. కూటంలో అయితే ఐదు నిమిషాలకే గంట కొడతారు, ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు.

పోయిన ఏడాది సంగతి తలా ఒక ముక్క తెలుసు గానీ వరసగా ఎవరూ చెప్పలేదు. మనది మూడు సిలిండర్ల బండి. కంపెనీ వాళ్లు దానికి ఇచ్చింది ఆయిల్ బాత్ ఫిల్టర్. ఎండాకాలం దున్నేటప్పుడు మన కరిసల్ నేలలో దుమ్ము ఎట్లా లేస్తుందో మీకు చెప్పాల్సిన పని లేదు. డ్రైవర్ దినమూ ఆ గిన్నె విప్పి, బురదగా మారిన ఆయిల్ తీసేసి, కొత్తది పోయాల్సి వచ్చె. బ్రీదర్ గొట్టం నుంచి చుక్కలు కారి ఇంజను పక్కంతా జిడ్డు పట్టె. మనలో కొందరు “ఇది తాతల కాలపు ఫిల్టర్, వీడియోల్లో చూడండి ఎట్లా మారుస్తున్నారో” అనిరి. ఒక లేత్ పట్టరైలో పాత వ్యానుది పేపర్ ఫిల్టర్ డబ్బా తెచ్చి, పట్టీ వెల్డింగ్ చేసి, రబ్బరు గొట్టంతో ఇంజనుకు తగిలించిరి. బ్రీదర్‌ను కూడా ఒక టీ వేసి ఆ రబ్బరు గొట్టంలోకే కలిపిరి. ఇంజను పక్క శుభ్రమాయె. డ్రైవర్‌కు పని తగ్గె. కూటంలో అందరూ చప్పట్లు కొట్టిరి. మేమూ కొడితిమి. దాన్ని దాచేది లేదు.

పురట్టాసి వచ్చేసరికి బండి మొదట నల్లపొగ, తర్వాత నీలిపొగ కక్కె. రోటవేటర్ లాగలేక మూలిగె. ఇంజను ఆయిల్ దినదినానికి తగ్గె. విప్పి చూస్తే లైనర్ల పైభాగంలో వేలికి తగిలేంత గట్టు, రింగులు మసితో అతుక్కొని ఉండె. రబ్బరు గొట్టం లోపల వేలు పెడితే ఆయిలూ దుమ్మూ కలిసిన నల్లటి ముద్ద. ఫిల్టర్ దాటినాక ఉండే గొట్టంలో దుమ్ము ఎందుకు ఉండాలి? క్లిప్పు సరిగ్గా పట్టక, వెల్డింగ్ అదురుకు గొట్టం జారి, ఆ సందులోంచి పొలం దుమ్ము నేరుగా ఇంజనులోకి పోయె. ఫిల్టర్ కొత్తదే, పేపర్ మంచిదే. గాలి మాత్రం దాన్ని తప్పించుకొని పక్క సందున పోయె.

బండి పద్దెనిమిది దినాలు షెడ్డులో ఉండె. ఏ పద్దెనిమిది దినాలు? మానావారి సేద్యం చేసేవాళ్లకు ఆ దినాల విలువ తెలుసు. వానకు ముందు పొడి నేలలోనే విత్తనం పడాలి. ఒకసారి వాన పట్టుకుంటే కరిసల్ నేల జిగురైపోతుంది, చక్రం దిగితే లేవదు. సొంత బండి ఉండేవాళ్లు విత్తుకొనిరి. చేతిలో దుడ్డు ఉండేవాళ్లు బయటి బండి పిలుచుకొనిరి. సంఘం బండినే నమ్ముకున్న రెండెకరాల వాళ్లు ఆకాశం చూస్తా కూర్చొనిరి. మా వీధిలో మగదిక్కు లేని వదిన ఒకామె ఆలస్యంగా మినుములు చల్లి, పెట్టిన విత్తనం కూడా పూర్తిగా తిరిగి రాలేదనె. “సంఘం బండి అంటే మా బండి అనుకొంటినయ్యా” అని మాత్రమే అనె. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కూటానికి మాత్రం జవాబు ఉండాలి.

ఇప్పుడు ఇంజను సంగతికి వద్దాం. అది ఎంత గాలి తాగుతుందో ఒక లెక్క వేయండి. రెండున్నర లీటర్ల ఇంజను అనుకుందాం. నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకసారి తన కొలత గాలి పీలుస్తుంది. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే 1000 సార్లు, అంటే 2500 లీటర్లు. గంటకు 1,50,000 లీటర్లు. అసలులో కాస్త తక్కువే పట్టినా లక్షకు పైమాటే. అదంతా చక్రాలు లేపే దుమ్ములోంచి రావలసిన గాలే. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రింగుకూ లైనరుకూ మధ్య ఉండే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే. ఆ సందులో దూరి గీరేది కంటికి కనపడని దుమ్ము. అందుకే గొట్టానికి పడిన చిన్న సందును కూడా చిన్నది అనుకోకూడదు.

ఆయిల్ బాత్ గిన్నె చేసే పని చాలా సులువు. గాలి నడి గొట్టంలో కిందికి దిగి, ఆయిల్ మీద గబుక్కున పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము తిరగలేక ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలింది ఆయిల్‌తో తడిసిన తీగల జల్లెడకు అంటుకుంటుంది. గిన్నెలో ఒక గీత ఉంటుంది. ఆయిల్ గీతకు తగ్గితే దుమ్ము నిలవదు. గీత దాటి పోస్తే ఇంజను ఆ ఆయిల్‌నే పీల్చేస్తుంది. అడుగున బురద పేరుకుంటే ఉన్న ఆయిల్‌కూ పని ఉండదు. బండి నడిచే దినాల్లో దినమూ చూడాలనేది అందుకే. గిన్నెలో బురద చేరడం తప్పు కాదు, ఆ బురద ఇంజనులోకి పోలేదని దానికి అర్థం.

పేపర్ ఫిల్టర్ చెడ్డదని మేము అనడం లేదు. కొత్త బండ్లకు కంపెనీలే పేపర్ ఫిల్టర్ ఇస్తున్నాయి, సన్న దుమ్మును అది ఆయిల్ బాత్ కంటే బాగానే ఆపుతుంది. అయితే ఆ బండ్లలో ఏముందో చూడండి. ఇంజను కొలతకు తగిన డబ్బా. బయటి ఎలిమెంటు లోపల ఇంకొక సేఫ్టీ ఎలిమెంటు. దుమ్ము రాలడానికి కింద రబ్బరు వాల్వు. అడ్డు పడితే ఎర్రగా చూపే ఇండికేటరు. కదలని బ్రాకెట్, అచ్చుగా సరిపోయే గొట్టం. మన లేత్ పట్టరై డబ్బాలో ఇందులో ఏ ఒక్కటీ లేదు. పైగా ఆ ఎలిమెంటును టైరుకేసి కొట్టి దులుపుతా ఉండిరి. కొడితే పేపరు చీలుతుంది. గాలి కొట్టాలంటే తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. సేఫ్టీ ఎలిమెంటును కడగకూడదు, దులపకూడదు, మార్చాలి.

ఇక బ్రీదర్. మా ఇంట్లో దాన్ని ఊపిరి గొట్టం అంటాం. రింగులు ఎంత బాగున్నా సిలిండర్‌లో మండిన గాలి కొంచెం కిందికి జారి క్రాంక్‌కేసులో చేరుతుంది. అది బయటికి పోయే దారే ఈ గొట్టం. చుక్క కారుతోందని గుడ్డ కుక్కితే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లను తోసుకొని వస్తుంది. వెనక సీలు పోయిందంటే క్లచ్ ప్లేటు ఆయిల్‌లో మునుగుతుంది. చుక్క ఆపబోయి ట్రాక్టర్‌ను రెండుగా విప్పించుకున్నట్టు.

గొట్టాన్ని గాలి దారిలో కలపడం ఇంకా మోసం. పొలంలో దుమ్ముకు ఫిల్టర్ అడ్డుపడే కొద్దీ ఆ రబ్బరు గొట్టంలో పీల్పు పెరుగుతుంది. పీల్పు పెరిగే కొద్దీ బ్రీదర్ నుంచి ఆయిల్ ఆవిరి ఎక్కువగా వస్తుంది. డీజిల్ ఇంజనుకు ఆయిలూ తిండే. ఆ దారిన ఆయిల్ ఎక్కువగా పోతే, ఆపే తాడు లాగినా ఇంజను ఆగదు. తాడు ఆపేది పంపు ఇచ్చే డీజిల్‌ను, బ్రీదర్ ఇచ్చే ఆయిల్‌ను కాదు. చుట్లు పెంచుకుంటా పోయి పగిలేదాకా తిరగవచ్చు. గాలి దారి మూస్తేనే అది ఆగుతుంది, ఆ వేళలో దగ్గరికి పోవడమే ప్రాణానికి ముప్పు. మన బండికి అంతదాకా రాలేదు. అది మన గొప్ప కాదు, అదృష్టం.

“కార్లలో బ్రీదర్‌ను లోపలికే కలుపుతారు కదా?” అని తమ్ముళ్లు అడుగుతున్నారు. నిజమే, కలుపుతారు. మధ్యలో ఆయిల్‌ను విడదీసే డబ్బా, ఒత్తిడిని అదుపులో పెట్టే వాల్వు పెట్టి కలుపుతారు. మనం పెట్టింది ఒక టీ, రెండు క్లిప్పులు.

“ఫిల్టర్ మారిస్తే లాగుడు పెరుగుతుంది” అనేది ఇంకొక మాట. మన బండికి టర్బో లేదు. దాని బలం పంపు ఎంత డీజిల్ ఇస్తుందనే దాని మీద ఉంది. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే శుభ్రం చేసినాక లాగుడు తిరిగి వస్తుంది, అంతే. శుభ్రంగా ఉండే ఫిల్టర్ తీసి ఇంకొకటి పెడితే పెరిగేది చప్పుడు.

బ్రీదర్‌లో పొగ ఎక్కువైతే రింగులు, లైనర్లు అరుగుతున్నాయని ఇంజను మనకు ముందే చెప్తోందని అర్థం. పోయిన ఏడాది మనం ఆ గొట్టాన్ని లోపలికి తిప్పి ఆ వార్త కనపడకుండా చేసుకొంటిమి. బయటికే ఉండి ఉంటే ఆవణిలోనే తెలిసేది, విత్తనానికి ముందే బాగు చేసుకొనేవాళ్లం.

ఇంత రాసినాక అసలు మాట చెప్పాలి. ఫిల్టర్ మార్చాలనే ఆలోచన ఎక్కడ పుట్టింది? గిన్నె కడిగే అరగంట దగ్గర. మన డ్రైవర్‌కు కూలి అవర్ మీటరు లెక్కన ఇస్తున్నాం. బండి తిరిగితేనే దుడ్డు. గిన్నె విప్పి, కడిగి, గీత దాకా ఆయిల్ పోసి, క్లిప్పులు చూసే అరగంటలో మీటరు తిరగదు. ఆ అరగంటకు మనం ఒక్క పైసా ఇవ్వలేదు. ఇవ్వని పనిని ఆ అబ్బాయి ఎండలో ఎన్ని దినాలు చేస్తాడు? చేయలేదని తిడితిమి, తర్వాత ఆ పనే లేకుండా చేస్తామని వేలు ఖర్చు పెడితిమి, చివరికి ఇంజనే పోగొట్టుకొంటిమి. రైల్వేలో గుమాస్తాగిరీ చేసిన ఏళ్లలో మేము నేర్చుకున్నది ఒకటుంది. రిజిస్టరులో కాలమ్ లేని పని జరగదు. మన ట్రాక్టర్ నోటు పుస్తకంలో బాడిగ కాలమ్ ఉంది, డీజిల్ కాలమ్ ఉంది, గిన్నెకు కాలమ్ లేదు.

బండితో ఇచ్చిన పుస్తకం తమిళంలోనే ఉంది. మనలో చాలామంది తమిళ బడిలో చదివినవాళ్లమే, చదవలేమని చెప్పడానికి లేదు. మొన్న బీరువాలోంచి తీసి చూస్తే ప్లాస్టిక్ కవరు కూడా చించలేదు. వీడియో చూడటానికి టైము ఉండె, ఆ పుస్తకంలో రెండు పేజీలు చదవడానికి లేకపోయె.

కాబట్టి ఆదివారం మేము అడగబోయేది ఇది. కూటంలో పెట్టబోయే తీర్మానాన్ని వెనక్కి తీసుకోవాలి. రిపేరు అయినాక బండి కంపెనీ గిన్నెతోనే తిరుగుతోంది, దాన్ని తాకవద్దు. బండి నడిచే ప్రతి దినానికీ డ్రైవర్‌కు అరగంట కూలి అదనంగా ఇవ్వాలి. నోటు పుస్తకంలో నాలుగు కాలమ్‌లు గీయాలి: అవర్ మీటరు, గిన్నె ఆయిల్, గొట్టాలు క్లిప్పులు, బ్రీదర్ పొగ. బాడిగలోంచి కొంత ఆయిల్‌కూ గొట్టాలకూ విడిగా పెట్టాలి. ముందు ముందు పేపర్ ఫిల్టరే కావాలంటే, మన మోడలుకు ఆ కంపెనీయే ఇచ్చే సెట్టు ఉంటే అది మొత్తంగా కొందాం, తెలిసినవాళ్లతో బిగిద్దాం. బ్రీదర్‌ను మాత్రం ఎవరూ ముట్టకూడదు.

ఇందులో తప్పు ఉంటే కూటంలో అందరి ముందూ చెప్పండి, సరిచేసుకుంటాం. మెకానిక్ తమ్ముళ్ల మీద మాకు కోపం లేదు, వాళ్లు మనం అడిగిందే చేసిరి. పోయినసారి ఆలోచించకుండా చప్పట్లు కొట్టిన చేతుల్లో మావీ ఉన్నాయి. ఈసారి ఆ చేతులు పైకి లేచే ముందు, షెడ్డుకు పోయి ఒక్కసారి ఆ గిన్నె విప్పి చూసి రండి. పురట్టాసి ఎంతో దూరంలో లేదు.